ఎడమ పేజీ, కుడి పేజీ: ఒక అభ్యర్థి జవాబుల్లోకి సొంత మాట వచ్చిన తీరు

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న కొద్దిమందికి ఇంట్లోనే జవాబులు దిద్దిపెడుతున్నాను. ఈ కేసు వాళ్లలో ఒకమ్మాయిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, చదివిన కాలేజీ, రాసిన సంవత్సరం చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. జవాబుల్లోని వాక్యాలు మాత్రం ఆమె నోటుపుస్తకంలోవే.

నేపథ్యం

పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా చదివింది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుంది. ఆ తర్వాత ఇంజనీరింగ్. తెలంగాణ మెట్ట ప్రాంతంలోని వ్యవసాయ కుటుంబం. ఇంట్లో మాట్లాడేది అచ్చంగా ఆ ఊరి తెలుగు. నా దగ్గరికి వచ్చేసరికే ఒకసారి మెయిన్స్ రాసింది. ఆప్షనల్‌లో 2 పేపర్లు, ఒక్కోదానికి 250 మార్కులు, 3 గంటలు. రెండింటిలోనూ తక్కువే వచ్చాయి. "సిలబస్ మొత్తం చదివిన మేడమ్, ఒక్కటి గూడ వదలలే" అంది. అది నిజమే. సిలబస్‌లో ఉన్న ప్రతి కావ్యం మీదా ఆమె దగ్గర నోట్సు ఉంది, చక్కటి దస్తూరీతో, రంగు పెన్నులతో గీతలు గీసి.

సమస్య

మొదటిరోజు ఒక పద్యం ఇచ్చి, సందర్భం చెప్పి విశేషాంశాలు 150 పదాల్లో రాయమన్నాను. 10 మార్కుల ప్రశ్నకు వాళ్లు అడిగేది అంతే. పద్యం నన్నయది. ఆదిపర్వం చతుర్థాశ్వాసంలోని దుష్యంత చరిత్ర 5 నుంచి 109 దాకా పద్యాలు సిలబస్‌లో ఉన్నాయి. అందులోదే ఇది. శకుంతల నిండు సభలో దుష్యంతుడితో అనే మాట. నూరు నూతులకన్నా ఒక బావి, నూరు బావులకన్నా ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకన్నా ఒక కొడుకు, నూరుగురు కొడుకులకన్నా ఒక నిజమైన మాట మేలని భావం.

నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు, మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతు వది మేలు, తత్క్రతుశతంబునకంటె సుతుండు మేలు, తత్
సుతశతకంబుకంటె నొక సూనృతవాక్యము మేలు చూడఁగన్.

ఆమె జవాబు ఇలా మొదలైంది: "ఆదికవి నన్నయ తన ప్రసన్నకథాకలితార్థయుక్తితో, అక్షరరమ్యతతో ఈ పద్యాన్ని రసరమ్యంగా తీర్చిదిద్దాడు. సత్యం యొక్క ఔన్నత్యం ఇందులో అద్భుతంగా వర్ణించబడింది. ఈ పద్యం తెలుగు సాహిత్యంలో అజరామరమైనది."

తప్పు చెప్పడానికి ఇందులో ఏమీ లేదు. నన్నయ తన కవిత్వం గురించి అవతారికలో తానే చెప్పుకున్న లక్షణాలవి. కానీ ఆ జవాబులో పద్యం లేదు. జవాబులోంచి నన్నయ పేరు, ఆయనకే చెందిన ఆ రెండు మాటలు కొట్టేసి, రెండు రోజుల తర్వాత ఆమెకే చూపించాను. ఇది ఏ పద్యం మీద రాసిందో ఆమే చెప్పలేకపోయింది. మొల్ల అంది, తర్వాత శ్రీనాథుడేమో అంది. ఆ పిల్ల ముఖం చూసి నాకు చాలా బాధేసింది. అంత కష్టపడి చదివిన మనిషి తన జవాబును తానే గుర్తుపట్టలేకపోయింది.

మొదటి ప్రయత్నం: ఎర్ర పెన్ను

ఇక్కడ నా అంచనా తప్పింది. ఇంటర్ నుంచి తెలుగు వదిలేసిన అమ్మాయి కాబట్టి భాష మీద పట్టు లేదనీ, అందుకే బట్టీ వాక్యాలను పట్టుకుని వేలాడుతోందనీ అనుకున్నాను. జవాబుల్లో ల-ళ, శ-ష తేడాలు, ఒత్తులు తప్పుతుండేవి. "వర్ణించబడింది" లాంటి వాక్యాలు వరసగా వచ్చేవి. ముందు పునాది సరిచేద్దామని 3 వారాలు అదే పనిగా దిద్దాను.

తప్పులు తగ్గాయి. వాటితోపాటు జవాబులూ చిన్నవయ్యాయి. 150 పదాలు రాయాల్సిన చోట 80 దగ్గర ఆగిపోయేది. ఎందుకని అడిగితే, "తప్పు పోతదేమోనని టెన్షన్ మేడమ్, ఖాయంగ తెలిసిన మాటలే రాస్తున్న" అంది. ఖాయంగా తెలిసిన మాటలంటే గైడులో వందసార్లు చూసిన మాటలు. "ఔన్నత్యం"లో ఔత్వం ఎప్పుడూ తప్పలేదు. తప్పులు దొర్లేది సొంతంగా రాయబోయిన వాక్యాల్లోనే. అంటే నా ఎర్ర పెన్ను ఆ పిల్ల సొంత వాక్యాలనే ఏరి ఏరి కొట్టేసింది. అది అర్థమైన రోజు దిద్దడం ఆపేశాను. అక్షరదోషాలు వారానికి ఒకసారి వేరే కాగితం మీద చూసుకుందాం, జవాబు మీద వద్దు అన్నాను.

రెండో ప్రయత్నం: మరింత చదవడం

బాగా చదివితే బాగా రాస్తారని మా తరం పంతుళ్లందరి నమ్మకం. నేనూ అదే చేశాను. నాకిష్టమైన విమర్శ వ్యాసాలు కొన్ని ఇచ్చి నెల రోజులు చదివించాను. జవాబుల తీరు మారింది. వాక్యాలు పొడవయ్యాయి, ధ్వని, ఔచిత్యం, నాటకీయత లాంటి మాటలు సరైన చోటే పడ్డాయి. నేను సంతోషించి 10కి 6 వేశాను.

అదృష్టవశాత్తు ఆ కాగితాలు పేరు లేకుండా నా పాత సహోద్యోగి ఒకాయనకు పంపాను. ఆయన 4 వేసి, పక్కన ఒక ముక్క రాశారు: "చదివిన వాళ్లందరూ కనపడుతున్నారు, రాసిన మనిషి కనపడలేదు." మళ్లీ చదివితే నాకూ కనపడింది. గైడు పోయి ఆ స్థానంలోకి విమర్శకులు వచ్చారు, అంతే. అవి నాకు నచ్చిన విమర్శకుల మాటలు కావడంతో నాకు తియ్యగా వినిపించాయి. దిద్దేవాళ్లు తమ గొంతు వినబడితే మార్కులు వేస్తారన్నది నేను ఈ కేసులో నా మీదే చూసుకున్న విషయం. అప్పటి నుంచి ప్రతి నాలుగో జవాబూ ఆయనకు వెళ్లాల్సిందేనని పెట్టుకున్నాను.

మార్కులు బాగా వచ్చినవాళ్ల జవాబులు చూసి రాయించడం కూడా ఒక వారం చేశాం. దాని గురించి చెప్పేదేమీ లేదు. పేరా విరుపు నేర్చుకుంది, అంతకు మించి ఏమీ రాలేదు.

మలుపు

మలుపు జవాబు కాగితం మీద రాలేదు. ఒక సాయంత్రం టీ తాగుతూ అదే పద్యం గురించి ఊరికే అడిగాను. "నూతులు నూరు, బావి ఒకటి అంటున్నాడు కదా, రెండూ ఒకటే కాదా?"

"మా దిక్కు నుయ్యి అననే అనరు మేడమ్, అంత బాయే. బాయికాడికి పోయిండంటే పొలానికి పోయిండని" అంది.

నూయి అంటే చేదతో తోడుకునే బావి, ఇక్కడ బావి అంటే దిగుడు బావి, సంస్కృతంలో కూపం, వాపి అని చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత తనే అందుకుంది. "అయితే చేదబాయి ఉన్నా తాడు గావాలె, బొక్కెన గావాలె, తోడే సత్తువ గావాలె. మెట్లబాయిల ఎవలైన దిగి తాగొచ్చు. అందుకే మేలన్నదేమో." ఒక్క నిమిషం ఆగి మళ్లీ అంది: "అయినా మేడమ్, కొడుకును ఒప్పుకో అని గదా వచ్చింది. మరి కొడుకులకన్న మాటే పెద్దది అంటది. గట్లెందుకంటది? ఆయన తప్పింది మాటనే. మాట నిలబడితే కొడుకు ఆడనే నిలబడతడు."

30 ఏళ్లు ఆ పద్యం పాఠం చెప్పాను. శకుంతల ఏ కొడుకు కోసం వచ్చిందో ఆ కొడుకునే మెట్ల వరసలో ఒక మెట్టు కింద నిలబెట్టిందన్న సంగతి నాకెప్పుడూ అంత సూటిగా తట్టలేదు. "ఇదే రాయమ్మా, ఇప్పుడే రాయి" అన్నాను.

పెన్ను తీసుకుని ఆగిపోయింది. "ఇది మన భాష గద మేడమ్. పేపర్ల రాస్తమా?"

సమస్య ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు ఆలోచన ఉంది. అది ఊరి మాటలో పుడుతోంది. రాయడానికి కూర్చోగానే, ఇది రాతకు పనికిరాని భాష అనుకుని ఆ మాటతోపాటు ఆలోచననీ బయటే వదిలేసి, అరువు వాక్యాలతో లోపలికి వస్తోంది. గిడుగు, గురజాడ వాడుక భాష కోసం పోరాడి 100 ఏళ్లు దాటింది. పత్రికలూ, కథలూ మారాయి. పరీక్ష జవాబు ముందు కూర్చున్న పిల్లల మనసులో మాత్రం నోటి భాషకూ రాత భాషకూ నడుమ ఆ గోడ ఇంకా ఉంది.

పనిచేసిన పద్ధతి

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆమె మాండలికంలోనే జవాబు రాయనివ్వాలా? నాకు ఆ భాష అంటే ప్రేమ, గౌరవం. కానీ పేపరు దిద్దేవారు ఎవరో, ఏ ప్రాంతం వారో తెలియదు. సాధారణ వ్యావహారికంలో రాసిన జవాబును ఎవరూ కాదనరు. మాండలికంలో రాస్తే ఒకరు మెచ్చుకోవచ్చు, ఇంకొకరు అశ్రద్ధ అనుకోవచ్చు. ఆమె రెండేళ్ల శ్రమను నా ఇష్టం కోసం పణంగా పెట్టలేను. అలాగని ఊరి మాటను వదిలేయమంటే ఆలోచనే పోతుంది. అందుకని రెండింటికీ చోటు ఉండేలా పొడవాటి నోటుపుస్తకం ఒకటి పెట్టుకున్నాం.

ఎడమ పేజీలో పద్యం చదివాక తోచింది తోచినట్టు ఇంటి భాషలో రాయాలి. అమ్మకు చెబుతున్నట్టు. అక్షరదోషాలు నేను చూడను. కుడి పేజీలో దాన్నే అందరికీ అర్థమయ్యే రాత తెలుగులో పెట్టాలి. నియమం ఒక్కటే: ఎడమ పేజీలో లేని ఊహ కుడి పేజీలోకి రాకూడదు. "అజరామరం" అని కుడివైపు రాయాలంటే, ఆ మాట ఎడమవైపు ఇంటి భాషలో ఎలా అంటుందో ముందు రాయాలి. రాయలేకపోయింది, ఆ మాట పోయింది. ఈ నియమం పెట్టాక నేను దిద్దాల్సిన అలంకార వాక్యాలు పదో వంతుకు పడిపోయాయి.

ఎడమ పేజీ ఖాళీగా ఉండిపోతున్న రోజులకు మూడు ప్రశ్నలు ఇచ్చాను. ఈ మాట ఎవరు ఎవరితో, ఏమి ఆశించి అంటున్నారు? ఏ ఒక్క మాట తీసేస్తే పద్యం కూలిపోతుంది? మూలం ఉన్నచోట, మూలంలో లేనిది కవి ఏం చేర్చాడు? మూడో ప్రశ్నకు ఇంటర్‌లో మార్కుల కోసం చదివిన సంస్కృతం పనికొచ్చింది. సంస్కృత భారతంలో శ్లోకం ఇది.

వరం కూపశతాద్వాపీ వరం వాపీశతాత్క్రతుః
వరం క్రతుశతాత్పుత్రః సత్యం పుత్రశతాద్వరమ్

ఆమె రెండింటినీ పక్కపక్కన రాసుకుని తేడాలు తీసింది. శ్లోకంలో "సత్యం" ఉంది, నన్నయలో "సూనృతవాక్యము" ఉంది. శ్లోకంలో పిలుపు లేదు, నన్నయలో "సూనృతవ్రత" (నిజం పలకడమే వ్రతంగా గలవాడా) ఉంది. పద్యాన్ని పైకి ఐదారుసార్లు చదవమని నేను పెట్టిన షరతు వల్ల ఇంకొకటి కూడా పట్టుకుంది. మొదటి పాదం "సూనృత" దగ్గర విరిగి, "వ్రత" రెండో పాదంలోకి పోతుంది. అందుకని పైకి చదివితే ఆ మాట చెవిలో నిలుస్తుంది.

దిగుడు బావి గురించి ఆమె ఊహను జవాబులో ఉంచాలా వద్దా అని మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తాడూ బొక్కెనా అక్కర్లేదు కాబట్టి దిగుడు బావి మేలు అన్న మాట పద్యంలో లేదు. నేను చూసిన తాత్పర్యాల్లోనూ లేదు. పరీక్షలో పెద్దల మాట లేని ఊహ రాయడం ప్రమాదమని భయపడింది. నేను ఉంచమన్నాను. ఆ ఊహ గాలిలోంచి రాలేదు. నూతికీ బావికీ ఉన్న అర్థభేదం మీద నిలబడింది. అది చూపించి, "అనిపిస్తుంది" అని ముగిస్తే చదివేవారికి అది అభ్యర్థి ఊహ అని తెలుస్తుంది. పద్యంలో ఉన్న మాట మీద ఆనుకోని ఊహ ఎంత అందంగా ఉన్నా కొట్టేయాలన్నది ఆ రోజు పెట్టుకున్న రెండో నియమం.

మూడో నెల చివర, పాత జవాబు చూడకుండా అదే పద్యం మీద మళ్లీ రాసింది. కొంత భాగం ఇస్తున్నాను.

"శకుంతల కొడుకును వెంటబెట్టుకుని సభకు వచ్చింది. ఆమెకు కావలసింది భరతుణ్ణి తండ్రి ఒప్పుకోవడం. అయినా ఈ పద్యంలో చివరి మెట్టు కొడుకుది కాదు. నూరుగురు కొడుకులకన్నా ఒక నిజమైన మాట మేలంటుంది. సంస్కృత శ్లోకంలో ‘సత్యం’ అని ఉన్నదాన్ని నన్నయ ‘సూనృతవాక్యము’ చేశాడు. దుష్యంతుడు తప్పింది కణ్వాశ్రమంలో ఇచ్చిన మాట కనుక ఆమె అడుగుతున్నది ఆ వాక్యాన్నే. మాట తప్పుతున్నవాణ్ణి ‘సూనృతవ్రత’ అని పిలవడంలో గుర్తుచేయడమూ ఉంది, నిందా ఉంది. ఆ పిలుపులో విన్న మాటే చివరి పాదంలో మళ్లీ వస్తుంది. బావి, క్రతువు, సుతుడు ఆ రెంటి నడుమ మెట్లు."

పేరు దాచి పంపితే నా సహోద్యోగి 7 వేశారు. పక్కన ఏమీ రాయలేదు. ఫోన్ చేసి, "ఎవరీ పిల్ల?" అని మాత్రం అడిగారు.

వచనంలోనూ ఈ పద్ధతి నిలిచింది. గురజాడ "దిద్దుబాటు", భోగం మేళాలకు అలవాటుపడిన గోపాలరావును భార్య కమలిని దిద్దుకునే కథ. దాని మీద అందరూ సంఘసంస్కరణ, స్త్రీవిద్య అని మొదలుపెడతారు. ఆమె ఎడమ పేజీలో రాసుకున్నది ఇది: "గోపాల్రావు బాధంత ఎల్లగక్కేటప్పుడు కమలిని మంచం కిందనే ఉన్నది. అన్నీ ఇన్నది. మనకు ఆఖరుకు తెలుస్తది." అక్కడి నుంచి జవాబు పెరిగింది. కథ చివర మంచం కింద నుంచి నవ్వు వినిపించాక, పాఠకుడు వెనక్కి వెళ్లి గోపాలరావు అంతకుముందు అన్న ప్రతి మాటనూ ఆమె చెవులతో మళ్లీ వినాలి. దిద్దుబాటు జరిగిందా లేదా అని తేల్చాల్సింది ఆమే కాబట్టి గురజాడ ఆమెను ఆ గదిలోనే ఉంచాడని రాసింది. సంఘసంస్కరణ అన్న మాట ఆ తర్వాత, ఆరో వాక్యంలో వచ్చింది. అప్పటికి ఆ మాటకు బలం ఉంది.

కుదరని చోట్లు

సమయం పెద్ద ఇబ్బంది అయింది. రెండు పేజీల పద్ధతిలో ఒక పద్యానికి 40 నిమిషాలు పట్టేది. పరీక్షలో 8 ప్రశ్నల్లో 5 రాయాలి, వాటిలో చిన్న భాగాలు బోలెడు. పరీక్షకు 2 నెలల ముందు ఎడమ పేజీని మూడు మాటలకు కుదించాం. ఆ పద్యానికైతే: కొడుకు కిందిమెట్టు, పిలుపు, మెట్లబాయి. ఇవి చూడగానే మిగతాదంతా గుర్తొచ్చేలా అలవాటు చేసుకుంది. ముందే ఇలా కుదించి ఉంటే పొడి పొడి పాయింట్లుగా మారిపోయేవి. నాలుగు నెలలు పూర్తిగా రాసిన తర్వాత కుదించినందువల్లే పనిచేసిందని నా అభిప్రాయం.

మొదటి పేపరులోని భాషాచరిత్రకు ఈ పద్ధతి దాదాపు పనికిరాలేదు. ధ్వనిపరిణామాలు, శాసనభాష చదివి గుర్తుపెట్టుకోవాల్సినవే. మాండలికాల ప్రశ్నకు మాత్రం ఆమె వచ్చిండు-వచ్చాడు, అంటది-అంటుంది లాంటి ఉదాహరణలు ఇంట్లో నుంచే తెచ్చుకుంది.

ఆందోళన ఎక్కువైన రోజున మొదటి రెండు వాక్యాల్లోకి పాత గైడు మళ్లీ దూరేది. చివరి మాక్ టెస్టులో కూడా ఒక జవాబు "ఆదికవి నన్నయ" అనే మొదలైంది. దాన్ని పూర్తిగా మాన్పించలేకపోయాను. మొదటి వాక్యం రెండో వాక్యం తర్వాత రాయి, పైన ఒక గీత ఖాళీ వదులు అని చెప్పాను. సగం సార్లు పనిచేసింది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది

రాత బాగాలేని విద్యార్థి వస్తే ఇప్పుడు ముందు కాగితం అడగను. పద్యం గురించి మాట్లాడిస్తాను. మాటలో ఆలోచన ఉండి రాతలో లేకపోతే ఒక చికిత్స, మాటలోనూ లేకపోతే ఇంకొకటి. రెండోదైతే పద్యాన్ని ఇంకా నెమ్మదిగా, అన్వయం నుంచి మళ్లీ చదవాలి. నేను ఈ తేడా చూడకుండా మొదటి 2 నెలలు వృథా చేశాను. అక్షరదోషాలు దిద్దడం ఎప్పుడన్నది కూడా ఒక నిర్ణయమేనని ఇంతకు ముందు నాకు తట్టలేదు. ఇప్పుడు సొంత వాక్యాలు నిలదొక్కుకున్న తర్వాతే ఆ పని పెట్టుకుంటున్నాను.

ఈ పద్ధతికి ఉన్న హద్దు ఆ తర్వాత వచ్చిన అబ్బాయి దగ్గర తెలిసింది. పెరిగింది బెంగళూరులో. ఇంట్లో తెలుగే అయినా, అన్నం తిన్నావా, ఎప్పుడొస్తావు దాకానే. ఎడమ పేజీలో ఇంటి భాష రాయమంటే ఇంగ్లీషు రాశాడు. ఊహలు మంచివే. కుడి పేజీకి వచ్చేసరికి అవి అనువాదాల్లా బిగుసుకుపోతున్నాయి. వాళ్ల అమ్మమ్మ అనంతపురం వైపు మనిషి. రోజూ రాత్రి ఫోన్‌లో ఆవిడకు ఒక పద్యం కథగా చెప్పి, ఆవిడ వేసిన ప్రశ్నలు ఎడమ పేజీలో ఆవిడ మాటల్లోనే రాసుకురమ్మన్నాను. మొదలుపెట్టి 4 వారాలైంది. నిన్న తెచ్చిన పేజీలో, కొడుకు చెడు తిరుగుళ్లను తల్లి తండ్రికి తెలియకుండా దాచే శ్రీనాథుడి గుణనిధి కథ మీద అమ్మమ్మ ప్రశ్న ఒకటుంది: "వాళ్లమ్మ ముందే ఎందుకు చెప్పలేదంట మొగునికి?" దాని కింద వాడు తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకున్నాడు.